ఎర్ర బటను నొక్కని రోజు

ఇప్పలగుంపు పంపుహౌసు,
బూర్గంపాడు మండలం.
17-2-1991, ఆదివారం.

బోనకల్లు స్టేషను పక్కన సైకిలు షాపు నడుపుకుంటున్న బసవపున్నయ్య గారికి, బూర్గంపాడు ఎలక్ట్రీషియన్ షేక్ గౌసు సలాము చేసి రాసుకునేది. ఇక్కడ నేనూ, నా భార్య లతీఫా, ఆడపిల్లలిద్దరూ దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, చెల్లెలు రాఘవమ్మా, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

ముందు గారు అని రాసి, వెంటనే నువ్వు అన్నానని నవ్వుకుంటున్నావేమో. పన్నెండేళ్లు మాట్లాడని మనిషికి గారు తగిలించడం మర్యాద కదా అని తగిలించాను. కానీ రాఘవమ్మ నన్ను నోరారా అన్నా అని పిలిచింది, ఆ లెక్కన నువ్వు నాకు బావవి. ఇకమీదట బావా అనే రాస్తాను. నచ్చకపోతే ఆ మాట వచ్చినచోటల్లా కొట్టేసుకుని చదువుకో.

నెల రోజుల్లో నీకు నాలుగు ఉత్తరాలు రాసి నాలుగూ చింపాను. ఇది ఐదోది. కాగితం తీయగానే లతీఫా, "రాసుడు, చింపుడు, మళ్ల రాసుడు. గీ కాయితాలతోని పొయ్యి అంటిస్తే చాయ్ అన్న అయితుండె" అని దెప్పింది. ఉర్దూలో దెప్పితే నాకు అలవాటైపోయి తగలదని తెలుగులో దెప్పింది. అందుకే ఇది చింపే వీలు లేకుండా మా తమ్ముడు మహబూబ్ అలీని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాస్తున్నాను. అయిపోగానే వాడి చేతికిచ్చేస్తాను. దీనితోపాటు ఒక గుడ్డ మూట కూడా ఇస్తాడు. ఉత్తరం పూర్తిగా చదివాకే మూట విప్పు.

పోయిన నెల మహబూబు ఏదో పని మీద బోనకల్లులో దిగి కిరాయి సైకిలు కోసం నీ షాపుకే వచ్చాడట కదా. నువ్వు గుర్తుపట్టి చాయ్ తెప్పించావట. కుడిచేతికి రెండు వేళ్లు లేకపోయినా టైరు ఊడదీసి పంక్చరు అతికించే జోరు చూసి వాడు నోరెళ్లబెట్టాడట. ఇంటికొచ్చి నీ సంగతులన్నీ చెప్పి, చివర్లో నువ్వు పంపిన మాట చెప్పాడు: "గౌసును ఒక్కటే అడుగు మహబూబూ. ఆ రోజు ఎర్ర బటన్ ఎందుకు నొక్కలేదు?"

ఆ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. ఇదే ప్రశ్న నువ్వు ఎంక్వైరీలో కూడా అడిగావు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. నేను విననట్టు నటించాను. ఈసారి జవాబు చెప్తాను. కానీ వెంటనే చెప్పే ధైర్యం లేదు, కాస్త ఓపిక పట్టు. నా పని తీరు నీకు తెలిసిందే. ఏ ఫాల్టు వెతికినా పెట్టె చుట్టూ తిరిగి తిరిగి అసలు చోటికి ఆఖరున వస్తాను.

నీకు తెలిసిన కథే అయినా నా చేత్తో ఒకసారి రాసుకోనీ. 1979 మార్చి. యాసంగి వరి పొట్ట మీదుంది. గోదావరి నీళ్లు ఎత్తిపోసే మోటరు ఆనాడు మనకు ఒక్కటే, ఆపరేటరువి నువ్వు, ఎలక్ట్రీషియన్ని నేను. మధ్యాహ్నం కరెంటు పోయి మోటరు ఆగింది. పంపు దగ్గర నీళ్లు కారుతున్నాయి, ఈలోగా బోల్టు బిగిస్తానని నువ్వు స్పానరు తీసుకుని వంగావు. మోటరు వేసే పచ్చ బటనూ, ఆపే ఎర్ర బటనూ ఉండే స్టార్టరు పెట్టె పక్కన నేను బీడీ ముట్టించుకుంటున్నాను. కరెంటు వచ్చింది. మోటరు తిరిగింది. మోటరునూ పంపునూ కలిపే కప్లింగులో నీ చెయ్యి పడింది. నేను ఉరికి మెయిన్ స్విచ్చి కిందికి లాగాను. అప్పటికే రెండు వేళ్లు పోయాయి. ఇసుక లారీ ఆపి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం. దారంతా నీ తల నా ఒళ్లోనే ఉంది.

తర్వాత ఖమ్మం నుంచి ఆఫీసరు వచ్చి విచారణ పెట్టాడు. "మోటర్ ఆగి ఉంటేనే చెయ్యి పెట్టాను, పెట్టాక తిరిగింది. బటన్ల కాడ ఉన్నది గౌసు ఒక్కడే" అని నువ్వు చెప్పావు. నేను ఖురాన్ ముట్టుకుని, "నేను పచ్చ బటన్ నొక్కలే" అని చెప్పాను. ఎవరూ నొక్కకుండా మోటరు తిరగదు కాబట్టి, కరెంటు రాగానే ఆపరేటరే మోటరు వేసి, తిరుగుతుండగా చెయ్యి పెట్టాడని ఆఫీసరు రాసేశాడు. నీ ఉద్యోగం పోయింది. చుట్ట కూడా ముట్టని నిన్ను పట్టుకుని ఆ రోజు తాగి ఉన్నాడని కూడా అన్నారు. స్క్రూడ్రైవరు మొన బేరింగుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని మోటరు రోగం చెప్పేవాడివి. అలాంటివాడివి పెట్టె సర్దుకుని బోనకల్లు పోయావు. బస్సెక్కేటప్పుడు నేను వచ్చాను, నువ్వు మొహం తిప్పుకున్నావు.

ఇక ఇప్పటి సంగతి. ఇప్పుడు ఇక్కడ ఆపరేటరు భద్రు అని లంబాడీ మనిషి. మంచి పనిమంతుడు. రెండు వారాలుగా మలేరియా పట్టుకుని దవాఖానాలో ఉన్నాడు. అతని బదులు భార్య లాలి మోటరు నడుపుతోంది. చదువు లేదు గానీ తెలివి మెండు. భద్రు కంటే లాలే నయమని నా అభిప్రాయం, ఈ మాట భద్రుకు చెప్పకు.

పది రోజుల కింద మోటరు మొరాయించింది. పచ్చ బటను నొక్కితే తిరుగుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. మూడు రోజులు కాలువలో చుక్క లేదు, చివరి మడులు నెర్రెలిచ్చాయి. నేను అశ్వారావుపేట వైపు వేరే పని మీద ఉండేసరికి, ఎత్తిపోతల సంఘం పెద్ద వెంకటనారాయణ ఎవరో మెకానిక్కును పట్టుకొచ్చాడు. ఆ మహానుభావుడు చేతికందిన కాయిల్ మార్చి చూశాడు, కుదరలేదు. మోటరే పోయింది, విప్పి ఖమ్మం తీసుకుపోయి చుట్టించాలి, పదిహేను రోజులు పడుతుందని చెప్పాడట. వేలు పెట్టినంతసేపు చక్కగా తిరిగే మోటరుకు ఏం రోగం ఉంటుంది బావా? ఫాల్టు ఎక్కడుందో చూడకుండా సామాను మార్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నాకు కబురంది సైకిలు మీద బయల్దేరి వచ్చేసరికి కాలువలో నీళ్లు పారుతున్నాయి. వెంకటనారాయణ గట్టు మీద ఎదురొచ్చి, "నువ్వు ఆలస్యంగా వచ్చావయ్యా గౌసూ. లాలి పొద్దున్నే బాగుచేసేసింది. ఇంక నీతో పనేం లేదు, మజ్జిగ తాగి వెళ్లు" అని నవ్వాడు. మజ్జిగ తాగాను. కానీ లాలి ఎలా బాగుచేసిందో చూడకుండా పోవడానికి కాళ్లు రాలేదు. పంపుహౌసు మెట్ల దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయి మోటరు ఆగింది.

లోపలికి పోయి చూస్తే లాలి నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. పంపు దగ్గర నీళ్లు కారుతున్నాయని గుడ్డ పీలిక చుడుతోంది. చెయ్యి కప్లింగుకు జానెడు దూరంలో ఉంది.

నువ్వు పోయిన దగ్గర్నుంచి నాకొక అలవాటైంది. ఏ మిల్లుకు పోయినా, ఏ పంపుహౌసుకు పోయినా పలకరించే ముందే మెయిన్ స్విచ్చి కిందికి లాగుతాను. జనం పిచ్చి గౌసు అంటారు. ఆ రోజూ అంతే, చెప్పులు విప్పకుండానే పోయి లాగాను. లాలి తలెత్తి, "కరెంటే లేదు గద సాబ్, మళ్ల ఏంది బంద్ చేసుడు?" అని అడిగింది. ఆమె నోట్లో మాట ఇంకా ఉండగానే గోడ మీద బల్బు వెలిగింది. దానికి మెయిన్ కంటే ముందు నుంచే తీగ ఉంది, కరెంటు వచ్చిందీ లేనిదీ తెలియడానికి మనిద్దరం పెట్టిన బల్బే అది. నేను స్టార్టరు పెట్టె వైపు చూశాను. పచ్చ బటను లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కన సందులో బొటనవేలి గోరంత వెదురు పుల్ల దూర్చి ఉంది.

అక్కడే గోడకు ఆనుకుని కూలబడ్డాను. "ఏమైంది సాబ్, పాము గిట్ల కనవడ్డదా?" అని లాలి కంగారుపడింది. ఆమె తప్పేమీ లేదు. "వేలు తీస్తే ఆగుతున్నది. పొద్దంత ఎంత సేపని వేలు వెట్టి నిలవడాలె? పొలాలు ఎండుతుంటే చూస్తు ఊకోవాల్నా?" అంది. నిజమే కదా.

ఆమెను దూరంగా జరిపి, పుల్ల అలాగే ఉంచి, మెయిన్ పైకి ఎత్తాను. పచ్చ బటను ఎవరూ ముట్టుకోలేదు. మోటరు తనంతట తాను గిర్రున తిరిగింది. లాలి తన చేతి వంక చూసుకుంది.

తర్వాత మెయిన్ దించి, పుల్ల పీకేసి, ఫాల్టు వెతికాను. నీకు నోరూరేలా రాస్తాను, చదువు. మెయిన్ ఎత్తి టెస్టు ల్యాంపుతో ఒక్కో కొస తడుముకుంటూ వచ్చాను. మూడు ఫేజులూ ఉన్నాయి. కాయిల్ లాగుతోంది. ఓవర్‌లోడ్ రిలే సరిగానే ఉంది. వేలు తీశాక కూడా మోటరును పట్టి ఉంచే చిన్న కాంటాక్టు ఒకటి ఉంటుంది కదా, దాన్ని దాటాక ల్యాంపు వెలగలేదు. మళ్లీ మెయిన్ దించి మూత తీశాను. లోపల కుమ్మరి పురుగు మట్టితో చక్కగా ఇల్లు కట్టుకుంది. ఆ మట్టి రెండు కాంటాక్టుల నడుమ గట్టిపడి వాటిని కలవనివ్వడం లేదు. మోటరును ఖమ్మం పంపిద్దామన్న రోగం అదీ. గూడు గోకి, కాంటాక్టు మెత్తటి గుడ్డతో తుడిచాను. గరుకు కాగితం పెట్టి రుద్దలేదు, నువ్వు తిట్టేవాడివని గుర్తుంది. పురుగు దూరిన కేబులు సందుకు రేకు ముక్క కోసి బిగించాం. అంచులకు లాలి అడవి నుంచి తెచ్చిన తేనెమైనం మెత్తింది. వేలు తీసినా మోటరు ఆగలేదు.

మర్నాడు సంఘం వాళ్లందరినీ పంపుహౌసుకు పిలిచాను. పుల్ల దూర్చి, అందరినీ దూరంగా నిలబెట్టి, మెయిన్ దించి ఎత్తి చూపించాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ మోటరు తనంతట తానే తిరిగింది. వెంకటనారాయణ కండువాతో మొహం తుడుచుకుని, "అయితే పున్నయ్య చెప్పిందే నిజమన్నమాట. మనం ఆ మనిషిని ఊరు దాటించాం" అన్నాడు. నీ మాట నిజమని ఇప్పలగుంపులో నలుగురి ముందు పైకి అన్నారు బావా. ఆ మాట నీ చెవిన వేయాలని నేను ఎంత ఆత్రపడ్డానో చెప్పలేను. పన్నెండేళ్ల కింద ఆ రోజు పుల్ల ఎవరు పెట్టారని మాత్రం ఎవరూ అడగలేదు. లాలి ఒక్కతే నా వైపు చూసింది.

ఇప్పుడు పంపుహౌసులో కొత్త పద్ధతి పెట్టాం. కప్లింగుకు రేకు తొడుగు వేశాను. మోటరు దగ్గర చెయ్యి పెట్టాలంటే ముందు మెయిన్ దించి మూడు ఫ్యూజులూ పీకాలి. పీకినవాళ్లు వాటిని తమ దగ్గరే ఉంచుకోవాలి, పక్కవాడికి ఇవ్వకూడదు, గూట్లో పెట్టకూడదు. లాలి కొంగున ముడివేసుకుంటుంది. మొన్న సంఘం పెద్దే ఏదో తొందరపడి ఫ్యూజులు పెట్టమంటే, "నా చెయ్యి బయటికి వచ్చినంక నేనే వెడత, జర ఆగుండ్రి" అని గదమాయించింది. వెంకటనారాయణ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. నువ్వు ఉండి చూడాల్సింది.

ఇంకో మంచి మాట. రెండో మోటరు వచ్చింది. కొత్తది, దిమ్మె మీద బిగించి పెట్టాం. పై గుంపు పల్లెలోని కోయవాళ్ల పొలాలకు కూడా ఈసారి నీళ్లు ఎక్కుతాయి. దీన్ని చూసుకోవడానికీ, లాలికీ భద్రుకూ పని నేర్పడానికీ తెలిసిన మనిషి కావాలని సంఘంలో అనుకున్నారు. నేను నీ పేరు చెప్పాను. ఒక్కడు కూడా కాదనలేదు. మోటరు రోగం చెవితో వినడానికి పది వేళ్లు అవసరం లేదని వెంకటనారాయణే అన్నాడు. మాట మొరటే, కానీ ప్రేమతోనే అన్నాడులే.

ఆ గుడ్డ మూటలో ఉన్నవి రెండో మోటరు ఫ్యూజులు, మూడూ. అవి నీ దగ్గర ఉండగా ఇక్కడ దాన్ని ఎవరూ తిప్పలేరు. నువ్వు వచ్చి నీ చేత్తో పెడితేనే తిప్పుదామని సంఘం వాళ్లను ఒప్పించాను. వచ్చే నెల మొదటి వారం వరకు ఆగుతామన్నారు. రాఘవమ్మను కూడా తీసుకురా. లతీఫా ఆమె కోసం జొన్న రొట్టెలు, గోంగూర పచ్చడి చేస్తానంటోంది. నాకు చేయమంటే మాత్రం ఎప్పుడూ ఓపిక ఉండదు.

పెద్దలకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. నీ రాక కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తూ,

నీ
షేక్ గౌసు.

తా.క. ఇక్కడితో ముగించి కాగితం మడిచాను. మహబూబు చెయ్యి చాపాడు. ఇవ్వలేకపోయాను. నీ ప్రశ్నకు జవాబు రాయకుండా మిగతాదంతా రాశానని వాడికి తెలియదు, నాకు తెలుసు.

ఎర్ర బటను నొక్కితే లాభం లేదు బావా. పచ్చ బటనుకు పుల్ల ఉన్నంతసేపు, ఎర్ర బటను మీద వేలు తీయగానే మోటరు మళ్లీ తిరుగుతుంది. అందుకే మెయిన్ దగ్గరికి ఉరికాను. అంటే పుల్ల ఉందని నాకు తెలుసు. ఆ పొద్దున నువ్వు డ్యూటీకి రాకముందు పెట్టింది నేనే. అప్పుడూ ఇదే ఫాల్టు. సాయంత్రం తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను. నీకు చెప్పడం మరిచిపోయాను. నువ్వు వంగినప్పుడు కూడా గుర్తు రాలేదు, మోటరు తిరిగాకే గుర్తొచ్చింది. నిన్ను దవాఖానాలో పడుకోబెట్టి, చీకటి పడకముందే తిరిగి వచ్చి పుల్ల పీకి గోదాట్లో వేశాను. మర్నాడు కాంటాక్టు తుడిచి పెట్టాను. తర్వాత ఖురాన్ ముట్టుకుని, బటను నొక్కలేదని చెప్పాను. నొక్కలేదు, నిజమే. ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని నీ పన్నెండేళ్లు తినేశాను. నాకు నలుగురిలో పరువు పోతుందని భయం, ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

ఇదంతా నిన్న పొద్దున ఆఫీసుకు రాసి, సంతకం చేసి ఇచ్చాను. నకలు ఈ కవరులోనే ఉంది. రిటైరు కావడానికి ఏడాది ఉంది, వాళ్లు ఏం చేసినా సరే. లతీఫాకు చెప్పాను. చాలాసేపు ఏడ్చి, "గా మొదటి ఉత్తరమే చింపకుండ పంపితే అయిపోతుండె గద" అంది. సంఘం వాళ్లకు రేపు చెప్తాను. లాలికి చెప్పే పని లేదు, ఆమెకు ఆ రోజే తెలిసిపోయింది.

నన్ను క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు. రావాలనిపించకపోతే ఫ్యూజులు మహబూబుకు ఇచ్చి పంపు, నేను ఏమీ అనుకోను. వస్తే మాత్రం ఎవరికీ ఇవ్వకు, జేబులోనే పెట్టుకుని రా. అవి నీ దగ్గర ఉన్నంతసేపు ఆ మోటరును నేను కూడా తిప్పలేను బావా.